పురుగుమందుల కొట్టాయన పెరడు

గోడకి అవతల పురుగుమందుల కొట్టాయన పెరడు నాలుగు నెలలుగా అడవిలా పెరిగిపోతోంది. ఇవతల బట్టలారేస్తున్న టైలరమ్మకి అది వట్టి బద్ధకమని అనిపించలేదు.

"అన్నయ్యగారూ, మీ గులాబీల నిండా పేనుబంక. మందు కొట్టరేం?"

"పిట్టలున్నాయిగా, అవే తింటాయిలేమ్మా."

"ఎండుటాకులు ఊడ్వరు. తొట్టెలో కప్పల్ని తోలరు. మా మొక్కలకి మాత్రం పదేళ్లుగా మందు మీరే ఇచ్చారు."

"ఇచ్చాను."

"మరి మీ మొక్కలకి చేదయిందేం? మీకేదో తెలిసింది. నా దగ్గర దాస్తున్నారు."

ఆయన చేతిలోని మొక్కల కత్తెర కింద పెట్టాడు.

"స్ప్రేయర్ కడిగిన నీళ్లు మరిచిపోయి పళ్లెంలో వదిలేశాను. పొద్దున లేచి చూస్తే, దాని చుట్టూ ఆరు పిచ్చుకలు చచ్చిపడున్నాయి. నేనే ఏరి పాతిపెట్టాను."

"ఎప్పుడు?"

"పోయిన వేసవిలో."

"ఆ తర్వాత కూడా నాకు రెండు సీసాలు అమ్మారే!"

"అమ్మాను. కొట్టు నడిచినన్నాళ్లూ నోరు పెగల్లేదమ్మా. మొన్ననే మూసేశాను. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి మిగిలిన మందు వెనక్కి అడుగుతున్నాను. నీ దగ్గరున్నదీ ఇవ్వు. విషపు చెత్త తీసుకునే చోట అప్పగిస్తాను."

"ఇంకెవరికో అమ్ముకోరని నమ్మకమేంటి?"

టైలరమ్మ లోపలికెళ్లి, సీసాలు రెండూ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చింది.

"ఇలా అందించమ్మా."

"అందించను. పదండి, నేనూ వస్తాను."