ఇంజను ఆపి నేర్పిన డ్రైవింగు

నా అసలు పేరు మీరు గుర్తింపు కార్డు చూసి వాంగ్మూలం పైన రాసుకున్నారు సార్. ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. అందరూ బ్రేకక్క అంటారు. వయసు నలభై ఏడు. కారు నడపడం నేర్పించడం నా వృత్తి. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గరున్న బ్రేకు కాక, పక్క సీట్లో నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ పేరు దానివల్ల వచ్చింది. నా భర్త లేడు. కూతురు ఆస్పత్రి లేబులో పనిచేస్తుంది. ఇప్పుడు చెప్పేది నన్నెవరూ బెదిరించి చెప్పించడం లేదు. బెదిరించడానికి ఒకాయన ఇంటికొచ్చాడు గానీ ఆయన వల్ల కాలేదు. ఆ సంగతి కూడా చెప్తాను.

మా డ్రైవింగ్ స్కూలు యజమానిని ఛైర్మన్ గారు అనాలి. స్కూలంటే ఒక రేకుల షెడ్డు, రెండు పాత కార్లు, నేను, ఇంకో మాస్టరు. దీనికి ఛైర్మన్. అంతకుముందు ఆయనకి ఫ్లెక్సీలు అచ్చేసే షాపుండేది కాబట్టి బోర్డు ఖర్చు లేకుండా అయిపోయింది. ఆయనకి కారు నడపడం వచ్చు. వెనక్కి తీయడం మాత్రం రాదు. వెనక్కి తీయాల్సి వస్తే దిగి నన్ను పిలుస్తాడు.

ఈ ఏడాది పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ ఆయన మాకు కొత్త శాస్త్రం బోధించాడు. మొదటిసారి పెరిగినప్పుడు ఏసీ వైర్లు పీకించాడు. చెమట పడితే శ్రద్ధ పెరుగుతుందట. ఆ తర్వాత క్లాసు టైము కోశాడు, ఫీజు కోయలేదు. వేసవిలో మళ్లీ పెరిగింది. ఆరోజు మా ఇద్దరు మాస్టర్లనీ పిలిచి, ఇకనుంచి సగం క్లాసులు ఇంజను ఆపే చెప్పాలన్నాడు. షెడ్డు ముందు ఆగి ఉన్న కార్లో కూర్చుని స్టీరింగు తిప్పించాలి, గేర్లు వేయించాలి. నేను "రెడ్ సిగ్నల్ పడింది" అనాలి, వాళ్లు ఆగినట్టు చేయాలి. ఆగి ఉన్న కార్లో ఆగినట్టు ఎలా చేయాలో ఆయన చెప్పలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పాపం నిజంగానే అద్దంలో చూసుకుని, చెయ్యి చూపించి, మూడు రోజులు షెడ్డు ముందే ఊరంతా తిరిగాడు.

ఇంకోసారి పెరిగాక పల్లం క్లాసులు మొదలయ్యాయి. అసలు గొడవ ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను. నీళ్ల ట్యాంకు దగ్గర్నుంచి కిందికి ఒక రోడ్డు దిగుతుంది. బాగా వాలు. కింద బట్టల షాపు మెట్లు ఎదురుగా వస్తాయి, రోడ్డు అక్కడ ఎడమకి తిరుగుతుంది. ట్యాంకు దగ్గర కారెక్కి, తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా వదిలేస్తే దానంతటదే దొర్లుతుంది. నేర్చుకునేవాళ్లు స్టీరింగూ బ్రేకూ నేర్చుకుంటారు. కిందికి చేరాక, మిగతావాళ్లు దాన్ని మళ్లీ పైకి తోస్తారు. డబ్బు కట్టి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. బ్యాంకు పెద్దాయనా, ఇద్దరు తోడికోడళ్లూ తోసేవాళ్లు. తోడికోడళ్లు ఎవరు తక్కువ తోశారో రోజూ దెప్పుకునేవాళ్లు.

నేను ఛైర్మన్ గారికి చెప్పాను. ఇంజను ఆగి ఉంటే బ్రేకు రెండు మూడుసార్లు మెత్తగా పడుతుంది, ఆ తర్వాత రాయిలా బిగుసుకుంటుంది అని చెప్పాను. "నీ కాలి కింద ఇంకోటుంది కదమ్మా" అన్నాడు. రెండూ ఒకటేనండీ, అది బిగుసుకుంటే ఇదీ బిగుసుకుంటుంది అన్నాను. "నీకు ప్రతిదానికీ భయమే" అన్నాడు. ఇంకో మాస్టరు కింద చూస్తూ నిలబడ్డాడు. ఆయన గురించి రాసుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

నేను రెండు రోజులు ఇంజను వేసే దించాను. సాయంత్రం ఛైర్మన్ గారు కారు పెట్రోలు ట్యాంకులోకి పుల్ల పెట్టి చూసి, తడి ఎక్కడిదాకా ఉందో గోటితో గుర్తుపెట్టుకుని, "మేడమ్ గారు షికారుకెళ్లారా" అని అడిగాడు. మూడోరోజు నుంచి ఆపే దించాను. ఉద్యోగం కావాలి కాబట్టి దించాను. ఇది కూడా రాసుకోండి.

ఇప్పుడు టైలరమ్మ సంగతి. ఆమె స్కూలు యూనిఫాంలు కుడుతుంది. భర్త టాక్సీ డ్రైవరు, బండి సొంతం. పెట్రోలు రేటు పెరిగినకొద్దీ ఆయన బండి మీద ఉండే గంటలు పెరిగాయి. ముందు రాత్రి భోజనానికి ఇంటికి రావడం మానేశాడు. తర్వాత నిద్ర కూడా కార్లోనే. ఛార్జీ పెంచితే ఎక్కినవాళ్లు దిగిపోతారు, పెంచకపోతే పగలంతా బంకువాడికి చాకిరీ చేసినట్టు. ఏసీ ఆపితే ఎక్కినవాళ్లు మూతి ముడుస్తారు. నోరు పారేసుకునేది ఆయన మీదే, రేటు ఆయనేదో పెంచినట్టు. ఒకరోజు నడుం పట్టేసి బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి పెళ్లాంతో చెప్పుకున్నాడు. ఆమె, "పగలు సగం నేను నడుపుతా, నువ్వు పడుకో" అంది. అలా మా దగ్గర చేరింది.

మొదటిరోజే, "అక్కా, ఇంజను ఎప్పుడు స్టార్ట్ చేస్తాం?" అని అడిగింది. ముందు అద్దం సర్దుకో అన్నాను. రెండోరోజూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. చెయ్యి మాత్రం మంచిది. గుడ్డని సూది కిందికి నడిపే చెయ్యి కదా, స్టీరింగు మీద బరువు వేయదు.

గొడవ జరిగింది మంగళవారం, ఉదయం పదిన్నర ప్రాంతంలో. టైలరమ్మ స్టీరింగు దగ్గర, నేను పక్కన. ట్యాంకు దగ్గర్నుంచి వదిలాం. కాస్త దిగగానే ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు తొక్కింది. వదిలి మళ్లీ తొక్కింది. బండివాడు దాటకుండా మధ్యలో ఆగి చూస్తున్నాడు, అందుకని మూడోసారి తొక్కింది. వాడు దాటాడు. మేం మళ్లీ దొర్లాం. తర్వాత తొక్కితే పడలేదు.

"అక్కా, బిగుసుకుపోయింది" అంది. అరవలేదు. నేనూ నా బ్రేకు తొక్కాను. పడలేదు. ఇద్దరం సీట్లోంచి లేచి నిలబడి తొక్కాం. హ్యాండ్ బ్రేకు లాగాను. దాని తీగ మార్చమని నేను అడిగి చాలా రోజులైంది. లాగితే బొమ్మ కారుది లాగినట్టు చేతిలోకి వచ్చేసింది. క్లచ్ తొక్కమని చెప్పి గేరు వేశాను. కాలు తియ్యమన్నాను. కారు ఒక్క కుదుపు కుదిపింది, వేగం కాస్త తగ్గింది గానీ ఆగలేదు. ఆ వేగానికి ఇంజను దానంతటదే అందుకోవాలి. అందుకుంటే బ్రేకు పడేది. అందుకోలేదు. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ట్యాంకులో పెట్రోలు లేదు. పెట్రోలు ముల్లు ఎప్పుడూ అడుగునే పడి ఉంటుంది, దాన్ని చూసి ఎవరికీ ఏమీ తెలియదు. పొద్దున షెడ్డు దగ్గర ఇంజను వేసి నీళ్ల ట్యాంకు దాకా నేనే నడుపుకొచ్చాను. బహుశా అదే ఆఖరి చుక్క.

ఎదురుగా షాపు మెట్ల మీద జనం. కుడిపక్కన గోడకి ఆనుకుని మా ముగ్గురు, బ్యాంకు పెద్దాయనా తోడికోడళ్లూ, మమ్మల్ని పైకి తోయడానికి చేతులు దులుపుకుంటూ నిలబడ్డారు. ఎడమపక్క మలుపులో ఛైర్మన్ గారి కారు ఆగి ఉంది. ఇంజను ఆడుతూ ఉంది. వాళ్లావిడ షాపులో బట్టలు చూస్తోంది. ఆయన లోపల ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని ఫోన్లో మాట్లాడుకుంటున్నాడు.

"ఎటు అక్కా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆమె చేతులు ఎడమకి తిరిగాయి. ఇంజను లేకపోతే స్టీరింగు కూడా బరువే, నేనూ పట్టుకుని లాగాను. ఆయన కారుని వెనకనుంచి గుద్దాం.

టైలరమ్మ కుడి మణికట్టు విరిగింది. నా మోకాలు పగిలింది. ఆయన కారు డిక్కీ మూత పైకి లేచింది. గుద్దుకున్నాక కూడా ఆయన ఇంజను ఆడుతూనే ఉంది. డిక్కీలో మా స్కూలు పెట్రోలు డబ్బా, మా స్కూలు రబ్బరు పైపు ఉన్నాయి. డబ్బా పగిలి పెట్రోలు కింద కారుతోంది. పైన ఇంజను ఆడుతూనే ఉంది. కుంటుకుంటూ వెళ్లి, తలుపు లాగి, ఆయన మీదుగా చెయ్యి పెట్టి తాళం తిప్పి ఆపాను. ఆయన మొదట అన్న మాట "నా కారు" అని. మా వైపు చూడకముందే అన్నాడు. పెట్రోలు కంపు వేస్తోందండీ, దిగండి అంటే, "ఏసీ ఎందుకు ఆపావు" అన్నాడు.

తర్వాత షెడ్డు ఊడ్చే ఆవిడ చెప్పింది, పొద్దున ఆయన పైపు నోట్లో పెట్టుకుని మా కార్లోంచి పెట్రోలు లాగి, ఉమ్మేసుకుంటూ డబ్బాలోకి పట్టాడని. చాలాసార్లు చూసిందట. ఆవిడ మీకు కూడా చెప్పింది, ఆ కాగితం మీ దగ్గరే ఉంది.

ఆస్పత్రికి ఆమె భర్త వచ్చాడు. బంకు దగ్గర క్యూలో ఉన్నాడట. క్యూ కదిలినప్పుడల్లా ఇంజను వేయకుండా కారుని భుజంతో తోస్తూ ఉన్నాడట, చొక్కా వీపంతా తడిసి ఉంది. తిట్టించుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన పెళ్లాం కట్టు చూశాడు, నా మోకాలు చూశాడు.

"ముగ్గురి మీదికి పోనివ్వలేదట కదా" అన్నాడు.

"ఆమే తిప్పింది" అన్నాను.

"ఈ చెయ్యి కుదురుకున్నాక మళ్లీ నేర్పుతారా అక్కా?"

నేర్పుతానన్నాను. మంచం మీదనుంచి ఆమె, "ఇంజను వేసి నేర్పు" అంది. ముగ్గురం నవ్వాం. నర్సు వచ్చి గదమాయించింది.

మర్నాడు ఛైర్మన్ గారు మా ఇంటికొచ్చాడు. మెడకి పట్టీ వేసుకున్నాడు. ఫోను మోగితే మెడ చక్కగా తిప్పి చూసుకుని, మళ్లీ గుర్తొచ్చి బిగపట్టాడు. టైలరమ్మా నేనూ కూడబలుక్కుని తనని చంపబోయామని అప్పటికే మీ దగ్గర ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు. మంచినీళ్లడిగి తాగాడు.

"నిన్ను ఇరికించడం నాకిష్టం లేదమ్మా. బ్రేకనుకుని ఆవిడ యాక్సిలరేటర్ తొక్కిందని రాసిచ్చెయ్. ఫిర్యాదులోంచి నీ పేరు తీయిస్తా. ఉద్యోగం ఉంటుంది."

"ఇంజనే ఆగి ఉంటే యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుందండీ?" అన్నాను.

"పోలీసులకి అంత తెలీదులే" అన్నాడు.

ఆ మాట ఆయన అన్నది అన్నట్టే రాసుకోండి సార్. మా అమ్మాయి వంటింట్లోంచి వింది, కావాలంటే పిలిపించండి.

నేను రాసివ్వనన్నాను. "మరి టైలరుదానికి లైసెన్సు ఎలా వస్తుందో చూస్తా" అని లేచాడు. వీధిలో ఆయన కారు, డిక్కీ మూత తాడుతో కట్టి, మా గుమ్మానికి అడ్డంగా పెట్టుకున్నాడు. ముందు లారీ ఉంది, వెనక్కి తీస్తేనే బయటపడతాడు. నా వైపు చూశాడు. నేను తలుపేసుకున్నాను. చాలాసేపు గేరు గీసుకున్న చప్పుడు వినపడింది.

స్టీరింగు ఎవరు తిప్పారని మీరు మూడుసార్లు అడిగారు. ముందు ఆమె తిప్పింది, తర్వాత నేను లాగాను. తానొక్కతే తిప్పానని ఆమె చెప్పినట్టుంది, నన్ను తప్పించడానికి చెప్పింది, అది నిజం కాదు. కావాలని గుద్దారా అని అడిగారు. మనుషుల్ని గుద్దకుండా ఉండాలని కావాలనే తిప్పాం. అక్కడ ఛైర్మన్ గారిది కాక ఇంకెవరి కారున్నా అటే తిప్పేవాళ్లం, కాకపోతే బాధపడేవాళ్లం.

నేను చెప్పిందంతా రాసి, చదివి వినిపించారు. సరిగ్గానే ఉంది. ఒక్కచోట "దురదృష్టవశాత్తు ఛైర్మన్ గారి కారుకు తగిలింది" అని రాశారు. ఆ మొదటి మాట నేను అనలేదు. కొట్టేయండి. కొట్టేశాక సంతకం పెడతాను.

(మొదటి మాట కొట్టివేయబడినది. సంతకం చేసినది.)