ఘటం ఎవరెత్తుతారు

కూకోమని అనకపోతే మానెయ్యి, వదినా. నిలబడే సెప్తాను. రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాటాడించడం మీ గజపతినగరం పద్ధతేమో, నేను తప్పుపట్టను. పదిన్నరయ్యింది. పన్నెండు గంటల బస్సు అందితే నాకు సాలు.

తలుపు మాత్రం ఎయ్యకు. రెండో రెక్క ఏసుకో, అది వేరే సంగతి.

ఎందుకొచ్చేనా? ఈరోజేటో నీకు తెల్దా? అసిరితల్లి పండగ. మూడేల్లకోసారొచ్చే పండగ, నువ్వు పుట్టిన ఊరి పండగ. సాయంత్రం అయిదింటికి ఘటాలు లేస్తాయి. మనింటి ఘటం కడిగి, పసుపు రాసి, యాపమండలు కట్టి, పెరట్లో పీట మీద ఎట్టొచ్చేను. ఎత్తే మనిషి లేదు.

ఉన్నాది. అలాగని లేదు. అదే సెప్పడానికొచ్చేను. మొదట్నించీ సెప్తాను, మధ్యలో లోపలికెల్లిపోకు.

మనింటి ఘటం ఆ ఇంటి ఆడపడుసే ఎత్తాలి. కోడలు ఎత్తకూడదు. కోడలు ఎనకాల సెంబుతో నీల్లు పోసుకుంటా నడవాలి. కాపరానికొచ్చిన యేడే మీ అమ్మ నా సేతికి సెంబిచ్చి సెప్పింది. అప్పుట్నించీ ఏడు పండగలు నీ ఎనకాల నీల్లు పోసేను. మీ అమ్మ కడుపున పుట్టిన ఆడపిల్లవి నువ్వొక్కర్తివే. నాకా ఇద్దరూ మగపిల్లలే. పోయిన పండక్కి ఘటం లేవలేదు. ఎందుకు లేవలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ మాట కాసేపాగి ఎత్తుదాం. వరసగా రెండో పండక్కి కూడా లేవకపోతే మనింటి ఘటాన్ని వరసలోంచి తీసేస్తారు. మీ తాతలనాటి వరస. మీ తమ్ముడు నాతో ఏటీ అన్లేదు. ఆయనెప్పుడన్నాడు కాబట్టి.

అలాంటప్పుడు మన డ్వాక్రా మీటింగుకి శైలజ మేడమొచ్చింది. విజయనగరంలో లెక్చరరు. 'పల్లె పలకరింపు' అని ఒకటి పెట్టేరంట. అంతా స్వచ్ఛందం. ఊరు సూడ్డానికొచ్చిన మనిషిని మనింట్లో ఉంచుకోవాలి. మనం తినేదే పెట్టాలి, మనం ఎల్లే పొలానికే తీసుకెల్లాలి. ప్లాస్టిక్ సీసాలొద్దు, ఊరిని హోటల్లా మార్చొద్దు. సరుగుడు తోటలూ సముద్రమూ ఎలాగున్నాయో అలాగే ఉండాలి, వచ్చినోల్లు సూసి ఎల్లాలి. ఎయిర్‌పోర్టు వస్తన్నాది, జనాలొస్తారు, ఆల్లు ఎలాగ రావాలో మనమే నేర్పాలి అంది.

జీతమేటీ లేదని తెలిసేక మిగతావోల్లు కాయితం మడిసి జాకెట్లో ఎట్టుకుని ఎల్లిపోయేరు. నేను పెన్ను అడిగేను.

నవ్వు, నవ్వుకో. సుట్టాలొస్తే బియ్యం నిండుకున్నాయని సెప్పే మనిషిని నేను. ఆ సంగతి నీకంటే ఎవరికి తెలుసు?

ఫారం మీద 'ఎందుకు సేరుతున్నారు' అనుంది. 'సేవ' అని రాసేను. 'ఎలాంటి అతిథి కావాలి' అనుంది. 'ఆడమనిషి, ఒక్కర్తే, మెడ నొప్పి ఉండకూడదు' అని రాసేను. 'ఏ తేదీల్లో' అనుంది. రెండే రెండు తేదీలు రాసేను. మేడమ్ సూసి, మిగతా ఏడాదంతా ఏమిటండీ ఈశ్వరి గారూ అంది. పొలం పనండీ అన్నాను. ఎంత నిజాయితీ అని అందరి ముందరా నా ఫారం సదివి ఇనిపించింది. సప్పట్లు కొట్టేరు.

ఆ రెండు తేదీల్లో మొదటిది సాటింపు రోజు. నీకు సెప్పక్కర్లేదు. డప్పేసి పండగ సాటించిన రాత్రి ఊల్లో పడుకున్న మనిషి, ఇంటిమనిషైనా పైమనిషైనా, పండగెల్లేదాకా ఇంకో ఊల్లో పడుకోకూడదు. పగలు ఎక్కడికెల్లినా పొద్దుగూకేసరికి తిరిగొచ్చీయాలి. తొమ్మిది రోజులు.

ఆఁ, ఆలోసించే రాసేను. పైమనిషి తొమ్మిది రోజులు మనింట్లో ఉంటే, సీర పెట్టి బొట్టు పెడితే, ఆడపడుసు కింద లెక్కేనా అని ముందే పెద్దల్ని అడిగేను. కొంచెం ఆలోసించి ఒప్పుకున్నారు. నీ ఇంటికొచ్చి నీ గుమ్మంలో నిలబడ్డం కంటే బెంగుళూరు నించి మనిషిని తెప్పించుకోడం తేలికనిపించింది వదినా. అదీ నేను సేసిన సేవ.

వచ్చింది. అనూరాధ దాని పేరు. ముప్పై దాటి ఉంటాది. ఆల్ల అమ్మ తెలుగుది, అందుకని తెలుగొస్తాది గానీ పుస్తకం సదివినట్టు మాటాడతాది. మధ్యాన్నం మూడింటికి దిగింది. రెండు రాత్రులుండి ఎల్తానంది. అలాగేనమ్మా అన్నాను.

ఏడింటికి డప్పు మన ఈధిలోకొచ్చింది. నేను సరిగ్గా అప్పుడే మిక్సీ ఏసేను. ఏటీ లేదు అందులో. ఉత్తి మిక్సీ.

తెల్లారేక సెప్పేను. ఇలాగమ్మా, మా ఊరి కట్టుబాటు, తొమ్మిది రోజులు. ఆ గుంట తాగుతన్న టీ గ్లాసు కిందెట్టింది. "ఆంటీ, ఈ విషయం నిన్న సాయంత్రమే చెప్పి ఉండవచ్చు కదా" అంది. మరిసిపోయేనమ్మా అన్నాను. కేలెండర్లో ఆ తేదీ సుట్టూ ఎర్ర పెన్నుతో నేను గీసిన సున్న దాని తలకాయ ఎనకాలే ఉన్నాది.

ఆల్ల అమ్మ మేడమ్‌కి ఫోన్ సేసింది. మేడమ్ నాకు సేసింది. అతిథిని బలవంతంగా ఉంచకూడదండీ అంది. మీరే కదండీ, అతిథి కోసం మీ ఆచారాలు మార్చుకోకండి అని ఏడో రూలు రాయించేరు అన్నాను. పండగయ్యేక మీ పేరు ఉంచాలో తీసేయాలో మాటాడుకుందాం అంది.

ఆ గుంటే ఫోన్ తీసుకుని, నేను ఉంటాను మేడమ్, పని ఇక్కడినుంచే చేసుకుంటాను అంది. సిగ్నల్ గడ్డిమేటు దగ్గరే బాగా వస్తాది. అక్కడ పీటేసుకుని, కంప్యూటర్ ఒల్లో ఎట్టుకుని, ఇంగ్లీషులో ఎవరినో తిడతా ఉండేది. పక్కన మన గేదె. ఊరంతా వచ్చి సూసి ఎల్లేరు. టూరిజం అంటే మనం సూపించడం అనుకున్నాను గానీ, ఆ వారం మేవే సూసేం.

మంచి గుంట వదినా. సోడి అంబలిని రాగి జావ అంటా, ఉల్లిపాయ నంజుకుని తాగీసేది. మొదటిరోజు నేను ఉప్మా సేస్తే, మీరేం తింటున్నారో అదే పెట్టమని మేడమ్ చెప్పారు కదా అని నా గిన్నెలోకి తొంగి సూసింది. మీ తమ్ముడితో జీడితోటలోకెల్లి పిక్కలు ఏరేది. ఆయన దాంతో మాటాడేవోడు. నేను కాపరానికొచ్చిన ఇన్నేల్లలో నాతో ఆడినన్ని మాటలు ఆ గుంటతో వారంలో ఆడేడు.

నాలుగో రోజు గోడ మీద ఫోటో సూసింది. నువ్వు ఘటమెత్తుకున్న ఫోటో. నీ ఎనకాల నా సెయ్యీ, సెంబూ పడ్డాయి, నేను పడలేదు. ఈవిడెవరు అంది. మా వదిన అన్నాను. ఈసారి ఎందుకు రావడం లేదు అంది. దూరం అన్నాను. ఎంత దూరం అంది. గజపతినగరం అన్నాను. ఫోన్ తీసి నొక్కింది. "గంటన్నర అని చూపిస్తోంది ఆంటీ" అంది.

నేను గేదెకి నీల్లెట్టాలని లేసిపోయేను.

ఇదుగో, ఇంకొక్క ముక్క. నిన్న సాయంత్రం సంగతి. అది ఇని, తలుపేసుకోవాలంటే ఏసుకో.

పీటేసి దాన్ని కూకోబెట్టేను. సీర పెట్టేను, జాకెట్టు ముక్క పెట్టేను, గాజులేసేను. బొట్టు పెట్టబోతంటే నా సెయ్యి పట్టుకుంది. "ఆంటీ, ఒక మాట చెప్పాలి. నా భర్త చనిపోయి రెండేళ్ళయింది. నేను ఇది ఎత్తవచ్చునా?" అంది.

నేను ఆగలేదు వదినా. ఆలోసించలేదు. "దానికేటమ్మా, ఇంటి ఆడకూతురు ఎప్పుడూ ఆడకూతురే. మొగుడుంటే ఒకలాగా లేకపోతే ఒకలాగా అమ్మవారు సూడదు" అనేసేను. అనేసి బొట్టెట్టీసేను. ఒంకరగా కూడా పోలేదు బొట్టు.

మీ తమ్ముడు ఎనకాల అన్నం తింటన్నాడు. సెయ్యి ఆగిపోయింది. మూడేల్లలో ఆ ఊసు ఎత్తని మనిషి, తలెత్తకుండా, "మరైతే మా అప్పకి?" అన్నాడు, నీ మాటే. అంతే. లేసి సెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉన్నాది.

అప్పుడు నాకు నా నోరు నాకే ఇనిపించింది.

పోయిన పండగ మీ ఆయన పోయిన ఏడో నెలలో వచ్చింది. నువ్వు తెల్లారి బస్సుకే వచ్చేవు. నూతి దగ్గర నీల్లోసుకుని, పసుపు సీర కట్టుకుని, తడి జుట్టుతో వచ్చి ఘటం మీద సెయ్యేసేవు. నేను గుమ్మంలో నిలబడి, ఊరోల్లు ఒద్దంటన్నారు వదినా, పసుపూ కుంకం పోయిన సెయ్యి కదా అంటన్నారు అన్నాను. నువ్వు నాకేసి సూసేవు. ఘటం మీంచి సెయ్యి తీసి, బేగు పట్టుకుని, ఆ తడిసీరతోనే రోడ్డుకెల్లిపోయేవు. అన్నం కూడా తిన్లేదు. నీకని తీసిన పులిహోర మర్నాడు గేదెకేసేను.

ఊరోల్లు ఎవరూ అన్లేదు వదినా.

పెద్దలు అన్లేదు, పూజారన్లేదు, పక్కింటి లక్ష్మణమ్మ కూడా అన్లేదు. ఆయమ్మైతే, మీ రాజకుమారి వదినొచ్చిందా, ఘటం ఎన్నింటికి లేస్తాదని అడిగెల్లింది. ఆ మాట నాదే. నేనే అనుకున్నాను, నేనే అన్నాను, ఊరి మీదకి తోసేసేను. మీ తమ్ముడికీ అలాగే సెప్పేను. ఆయన నమ్మేడో లేదో తెల్దు. ఊల్లోకెల్లి ఎవరినీ అడగలేదంటే నమ్మలేదనే అనుకుంటన్నాను.

ఎందుకన్నానా? మూడేల్ల నించీ నన్ను నేను అడుగుతన్నాను. ఏడు పండగలు నీల్లు పోసేను. అందరూ నీ కాల్లకి మొక్కేవోల్లు, నీ మెల్లో దండలేసేవోల్లు. నన్ను పక్కకి జరగమనేవోల్లు. మీ ఆయన పోయేడు, నువ్వు ఏడిసేవు, నేను నీ పక్కన కూకుని నీతోపాటు ఏడిసేను, అది అబద్దం కాదు. గానీ నువ్వు మల్లీ వచ్చి ఘటం మీద సెయ్యేసేసరికి, ఇంకా నువ్వేనా అనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏటీ దొరకలేదు. ఎతికేను.

ఏడవకు. ఏడవట్లేదా? సరే, నాకలా అనిపించింది.

రాత్రే అనూరాధకి ఇదంతా సెప్పీసేను. సెప్పకుండా ఉండలేకపోయేను. ఆ గుంట ఇని, గాజులు తియ్యలేదు, సీర మడత పెట్టలేదు. తెల్లారేక అంది. "ఆవిడ వస్తే వెనకాల నీళ్ళు నేను పోస్తాను. రాకపోతే నేను ఆ కుండ ముట్టుకోను." బతిమాలేను. ఏడో రూలు సెప్పేను. ఆచారాలు మార్చుకోవద్దనే కదా ఆంటీ నేనూ అంటున్నాను అంది. సదువుకున్నోల్లతో అదే తంటా.

అంటే సూడు, నాకు ఘటమూ లేదు, సెంబూ లేదు. సెంబు ఆ గుంట పొద్దున్నే తోమి పక్కనెట్టుకుంది. నాకు మిగిలిన పనల్లా ఇదే, రెండు బస్సులు మారి నీ గుమ్మంలో నిలబడ్డం.

మేడమ్ నా పేరు కొట్టేస్తాది. కొట్టేయనీ. 'సేవ' అని రాసినందుకు కొట్టేయాల్సిందే. వరసలోంచి ఘటం తీసేసినా నేను అడగలేను, నా మాట వల్లే కదా. మీ తమ్ముడి మొకం సూడ్డమే కష్టం. ఈరోజు పొద్దున్న నేను బస్సుకెల్తంటే, ఎక్కడికని అడగలేదు. నా సెప్పులు తుడిసి గుమ్మం ముందరెట్టేడు.

నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. అంత మొకం నాకు లేదు. సాయంత్రం ఊరందరి ముందరా, ఆ మాట నాదేనని నా నోటితో సెప్తాను, ముందు లక్ష్మణమ్మకి సెప్తాను, ఆయమ్మకి సెప్తే ఊరందరికీ సెప్పినట్టే.

కోపం తగ్గలేదంటావా? తగ్గించుకోకు. అన్నం నా ఇంట్లో తినకు, నాతో మాటాడకు, బస్సులో నా పక్కన కూకోకు. కోపంతోనే వచ్చి కోపంతోనే ఎత్తు. కోపమున్న మనిషి ఘటం ఎత్తకూడదని ఎవరూ అన్లేదు. ఎప్పుడైనా ఎవరైనా అన్నారని నువ్వింటే, అదీ నేనే అని ఉంటాను.