లియాఖత్ అలీ గారి మోదుగాకు కట్టలు

శ్రీ లియాఖత్ అలీ గారు 1951 జూలై 9వ తేదీన మన కళాశాలలో వృక్షశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా పదవీ బాధ్యతలు స్వీకరించి, మరుసటి సంవత్సరమే వసతిగృహ వార్డెను పదవిని కూడా అదనంగా భుజాన వేసుకొని, పదహారేండ్ల నిర్విరామ సేవానంతరం నేడు, 1967 జూన్ 30న, సగౌరవంగా విశ్రాంతి స్వీకరిస్తున్నారు. వీరిని గురించి నాలుగు మాటలు రాయవలసిందని సంచిక సంపాదకవర్గం కోరినప్పుడు నేను సంకోచించలేదు. ఈ కళాశాలలో వారితో అందరికంటె ఎక్కువగా వాదులాడినవాణ్ణి నేనే గనుక ఆ అర్హత నాకే ఎక్కువ.

మహబూబ్‌నగర్‌లో పుట్టి పెరిగి, జడ్చర్ల పాఠశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి ఇక్కడికి వచ్చిన అలీ గారు, వార్డెనుగా మొదటిరోజున గదులు చూడలేదు, వంటశాల చూడలేదు. తిన్నగా పెరట్లోని బావి దగ్గరికి వెళ్లి గంటసేపు తొంగిచూశారట. ఉన్నది ఆ ఒక్క బావి. వేసవి వస్తే అందులో నీళ్లకంటె రాళ్లే ఎక్కువ కనిపించేవి. వారం తిరగకముందే స్నానపు బండలను తోట పక్కకు జరిపించి, విద్యార్థి ఒంటిమీద పోసుకున్న ప్రతి చెంబు నీళ్లూ వంకాయ మడిలోకి, గోంగూర మడిలోకి పారే ఏర్పాటు చేశారు. పిల్లలు తాము స్నానం చేసిన నీళ్లతో పండిన కూరనే తిని చదువుకున్నారు.

విస్తరాకుల పద్ధతి కూడా వారు పెట్టినదే. జూన్ నెలలో వసతిగృహానికి వచ్చే ప్రతి విద్యార్థీ తన ఊరి నుండి ఒక కట్ట మోదుగాకు తేవాలి. వారం వారం అందరూ కూర్చొని విస్తళ్లు కుట్టుకోవాలి. తిన్న ఆకు ఎరువుగుంటకు పోవాలి, ఆ ఎరువు తోటకు రావాలి. ఆకులు కుట్టే విద్యను వారికి నేర్పిన గురువు మన వంటమనిషి ఈదమ్మ. నెల రోజులపాటు వార్డెను గారు కుట్టిన విస్తళ్లలో పోసిన పప్పుచారు పోసినట్టే కారి, వారి లాల్చీ మీదికే వచ్చేదట. ఆ సంగతి ఈదమ్మ ఇప్పటికీ చెబుతుంది: "సాబుకు ఇస్తారి కుట్టుడు నేర్పేసరికి నా తలపానం తోకకొచ్చింది."

ఇక నా నిర్వాకం చెప్పాలి. 1964లో భోజన సంఘానికి నేను అధ్యక్షుణ్ణయ్యాను. కాలేజీ చదువు చదివేవారు ఆకుల్లో తినడమేమిటని, నాగరికత మీద సుదీర్ఘంగా ఉపన్యసించి, హైదరాబాదు నుండి తెల్లని పింగాణీ పూత పళ్లేలు తెప్పించాను. ఆ జూన్‌లో గేటు దగ్గర స్వయంగా నిలబడి, పిల్లలు మోసుకొచ్చిన ఆకు కట్టలను గుంటలో పారేయమన్నాను. తల్లులు అలవాటుగా కట్టి పంపుతూనే ఉన్నందున, మరుసటి జూన్‌లోనూ అదే పని చేశాను. అలీ గారు నాతో వాదానికి దిగలేదు. ఒక్క మాట మాత్రం అడిగారు.

"పళ్లేలు మస్తుగున్నయ్ ఎల్లస్వామి సాబ్. కడగనీకి నీళ్లు ఏ బాయిలకెల్లి తేవాలె?"

నేను నవ్వేశాను. దానికి జవాబు ఆ మరుసటి ఏడాది వచ్చింది. వానలు మొహం చాటేశాయి. 1966 ఫిబ్రవరి నాటికి బావిలో నీరు మోకాటి లోతుకు దిగింది. ఎనభై ఒక్కమంది పిల్లలు, రెండు పూటలా పళ్లేనికొక చెంబు చొప్పున, తాగవలసిన నీటిని కడుగుడుకే ఒలకబోస్తున్నారు. మార్చి ఒకటి నుండి వసతిగృహం మూసివేయాలని ప్రిన్సిపాలు గారు నిర్ణయించారు. పరీక్షలు మార్చి 28న. నోటీసు అంటించకముందే అలీ గారు వారి గదికి వెళ్లారు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇండ్లకు వోయిన పిల్లలు కూలికి వోతరు సార్, మల్ల రారు," అన్నారు అలీ గారు. "బాయిల ఊటున్నది. తాగనీకి, వండనీకి సరిపోతది. కడుగుడు బంద్ చేస్తె చాలు."

అంటే మళ్లీ విస్తళ్లే. అయితే మాఘమాసంలో మోదుగ చెట్టుకు పువ్వు తప్ప ఆకు ఉండదు గదా అని నేను అడ్డుతగిలాను. వృక్షశాస్త్రం చెప్పేవారికి ఆ మాట తెలుగు చెప్పేవాడు గుర్తుచేయవలసి వచ్చిందని లోలోపల మురిసిపోయాను కూడా. అలీ గారు జేబులోంచి తాళంచెవి తీసి, మా ఇద్దరినీ వృక్షశాస్త్ర నమూనాల గదికి వెంటబెట్టుకుపోయారు.

నేలనుండి కప్పుదాకా మోదుగాకు కట్టలు. పురుగు పట్టకుండా నడుమ నడుమ వేపాకు. ప్రతి కట్టకూ, నమూనాలకు కట్టినట్టే, చిన్న చీటీ: అచ్చంపేట, కొల్లాపురం, దేవరకొండ. రెండేండ్లపాటు నేను గుంటలో వేయించిన కట్టలన్నింటినీ వారు ఈదమ్మ సాయంతో ఏరి, దులిపి, భద్రపరిచారు. నాకు సిగ్గు వేసింది. ఆ మాట ఇక్కడ అచ్చులో ఒప్పుకుంటున్నాను. ప్రిన్సిపాలు గారు చేతిలోని నోటీసును మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నుండి చదువుకుంటూనే పిల్లలు ఆకులు కుట్టారు. మన వసతిగృహం ఒక్కరోజైనా మూతపడలేదు. ఎనభై ఒక్కరూ పరీక్షలు రాశారు, డెబ్బైనలుగురు ఉత్తీర్ణులయ్యారు. తప్పిన ఏడుగురిలో ముగ్గురు తెలుగులో తప్పారు గనుక ఆ లోటు వార్డెను గారిది కాదు. నా పళ్లేలు ప్రస్తుతం నీళ్ల కుండల మీద మూతలుగా సేవ చేస్తున్నాయి.

ఈ జూన్‌లో గేటు దగ్గర నిలబడి, పిల్లల నెత్తిమీది కట్టలు దించుకొని, చీటీలు కట్టింది నేనే. నిన్న అలీ గారు ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఈ పూట వీడ్కోలు విందులో వారి ముందు పరిచే విస్తరి నేను కుట్టినది. ఈదమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి "కారదు" అని తీర్పు చెప్పింది. శ్రీ లియాఖత్ అలీ గారు కుటుంబసమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేండ్లు వర్ధిల్లాలనీ, ఏటేటా జూన్ మాసంలో ఆ గదికి విచ్చేసి కట్టలు లెక్కించి, ఒక్కటి తగ్గినా నన్ను నిలదీయాలనీ మనసారా కోరుకుంటున్నాను.

— ఎల్లస్వామి, తెలుగు ఉపన్యాసకుడు