జానెడు మట్టికి జవాబుదారీ: తైసియా నికనోరొవ్నా గారు

1986 సెప్టెంబరు ఒకటో తేదీన, మోకాళ్ళదాకా బురద బూట్లతో మా మృత్తికా పరిశోధనశాలలో అడుగుపెట్టిన శ్రీమతి తైసియా నికనోరొవ్నా గారు, ముప్పై ఎనిమిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సైబీరియా చిత్తడినేలల్లో నాచు వేల ఏళ్ళు పేరుకుని ఏర్పడిన పీట్ మట్టి, దావానలం పాలైతే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్నకే వారు తమ జీవితాన్ని ధారపోశారు.

1989 వేసవిలో యెలన్ గ్రామం పక్క చిత్తడినేల ఆరు వారాలు కాలింది. మరుసటి ఏడు తమ పరిశోధన పట్టా కోసం వారు కాలిన చోటా, కాలని చోటా పై జానెడు మట్టి తీసి పోల్చారు. బూడిద వల్ల ఆమ్లగుణం తగ్గింది, పొటాష్ రెట్టింపైంది. అగ్ని నేలకు మేలే చేసిందని నివేదిక ఇచ్చారు. అది చదివి గ్రామ సమష్టి వ్యవసాయ క్షేత్రం వారు మిగిలిన చిత్తడిని కూడా ఎండగట్టి, తగలబెట్టి దున్నడానికి ట్రాక్టర్లు సిద్ధం చేశారు. పట్టాకు వారమే గడువుంది.

చివరి నమూనాల కోసం వెళ్ళిన తైసియా గారిని చూసి, అక్కడ క్రాన్‌బెర్రీ పళ్ళు ఏరుకుంటున్న ఫెదోస్యా అవ్వ నవ్వింది.

“ఏమే చదువుల తల్లీ, ఆ పైన్ చెట్టు వేళ్ళు గాల్లో ఎందుకు వేలాడుతున్నాయే?”

“కింద మట్టి కాలిపోయింది కదా అవ్వా.”

“మరి ఇక్కణ్ణించి కొలుస్తావేంటే? అప్పట్లో నేను నడిచిన నేల ఆ వేళ్ళ పైనుండేది! మేడ కూలితే కింది గచ్చు గీకి, ఇదే మేడంటావా?”

తైసియా గారు ఆ వేళ్ళ నుంచి నేలదాకా జానతో కొలిచి చూశారు. రెండు వందల ఏళ్ళకు గాని పేరుకోని జానెడు మట్టి మాయమైపోయింది, లెక్కలో అదే లేదు. పాలు మరిగితే చిక్కబడతాయే గాని పెరగవు. పొటాష్ సంగతీ అంతే. పైగా మిగిలిన మట్టి బిగిసిపోయి, పోసిన నీళ్ళు తాగనంటోంది.

మర్నాడే సంచాలకుల ముందు నిలబడ్డారు.

“నివేదిక వెనక్కి తీసుకుంటారా? మతి పోయిందా? పట్టా పోతుందండీ!”

“పోనివ్వండి, గెర్మన్ యెఫీమొవిచ్. పట్టా మళ్ళీ రాసుకుంటాను. ఆ నేల తగలబడితే ఎవరు రాస్తారు?”

తప్పును స్వహస్తాలతో రాసి అచ్చు వేయించారు. ట్రాక్టర్లు ఆగిపోయాయి. పట్టా నాలుగేళ్ళు వెనకబడింది, వెనక చేరినవారు ముందు కుర్చీలెక్కారు. అయినా 1994లో పట్టా, 2003లో విభాగాధిపత్యం వారిని వెతుక్కుంటూ వచ్చాయి. యెలన్ ఉదంతం నాటి నుంచి మాలో ఎవరూ, పీట్ కింద కాలకుండా మిగిలే బంకమట్టిలో దిగగొట్టిన ఇనుప కడ్డీ ఆధారం లేకుండా పీట్ లోతు కొలవలేదు. కొలవబోయినవారు వారి చూపుకే సగం చచ్చారు.

అభినందనలో బాగుండదని మేమీ ఉదంతాన్ని చిత్తుప్రతిలో వదిలేశాం. వారు ఎర్ర సిరాతో “అసలు సంగతి ఏదీ?” అని రాసి తిప్పి పంపారు. మాకెంత గర్వంగా ఉందో చెప్పలేం. మమ్మల్ని ఇలాగే దిద్దుతూ, తైసియా నికనోరొవ్నా గారు ఆయురారోగ్యాలతో నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.