ఒట్టేసి చదివిన నవల

నరసరావుపేటలో కాపురం పెట్టిన నెలకే, పాత నవలొకటి ఇద్దరూ కలిసే చదవాలనీ, ఒంటరిగా ముట్టుకోకూడదనీ ఒట్టేసుకున్నారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం, సగం దాకా వచ్చిన ఆ పుస్తకాన్ని ఆమె తెరిచింది.

“అన్నకొచ్చిన ఉత్తరం దాచేశాక తమ్ముడు ఎట్లా మారాడో చూశారా? సిగ్గుతో చచ్చిపోతూ, అడక్కుండానే అన్నకి నీళ్లు తోడుతున్నాడు.”

“తప్పు చేసినోడు అంతేనే. చానా మంచోడైపోతాడు.”

“మరి మీరేంది, అడక్కుండానే రెండు మూరల కనకాంబరాలు తెచ్చారు?”

అతను తల గోక్కున్నాడు.

“ఆఫీసుకి పట్టుకెళ్లి చదివేశానే. చివరి పేజీ మాత్రం నీకోసం వదిలేశా. ఎట్లాగూ అన్న క్షమిస్తాడులే.”

“ఎక్కడ క్షమించాడండీ? మొహమైనా చూడలా.”

అనేసి ఆమె నాలుక కరుచుకుంది.

“ఓహో. అందుకా పొద్దున పెసరట్ల మీద అంత నెయ్యి?”

“ఇంకో రెండు వేసి తెస్తానుండండి.”