ముల్లు ఎప్పుడు లేస్తోంది?

ఆగు ఆగు, ఆ రేడియేటర్ మూత ముట్టుకోకు, వేడినీళ్లు మొహమ్మీదకి చిమ్ముతాయి. చల్లారనీ. ఇలా వచ్చి మెట్టు మీద కూర్చో. నీ పెళ్లాం కారులోనే కూర్చుందేం? మాటల్లేవా? ఊఁ, సరే, కూర్చోనీ. పొగలు కక్కే బండి చూస్తే నాకు ఆగండి మేస్త్రే గుర్తొస్తాడురా మనవడా. పోయి చాలా ఏళ్లయింది. అసలు పేరు ఎవరికి తెలుసు? ఏ బండి వచ్చినా "ఆగండాగండి" అంటూ, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగేవాడే తప్ప ఒక్క నట్టు ముట్టుకునేవాడు కాదు. ఆయన రిపేరు షెడ్డులో ఒకటే బల్ల. ఇంజను చల్లారేదాకా ఎంతటివాడైనా దానిమీద కూర్చోవాల్సిందే.

ఆ రోజు మీ నాయనమ్మని పుట్టింట్లో దింపడానికి పోతున్నా. దింపడమంటే మామూలు దింపడం కాదు, డిక్కీలో ట్రంకుపెట్టె. ఇక నీ గడప తొక్కనంది, నేనూ మహా బాగుందన్నా. దేనికంటావా, ఏమో, ఇప్పుడు గుర్తులేదు గానీ అప్పుడు మాత్రం కొంపలంటుకున్నంత. షెడ్డు ముందుకొచ్చేసరికి బండి బుస్సుమంది. బల్లకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. మేస్త్రి మధ్యలో నిలబడి, "మీటర్లో వేడి ముల్లు ఎప్పుడు లేస్తోంది బాబూ?" అన్నాడు. నేనేం చూశాను నా బొంద! నీళ్లు తక్కువయ్యాయి, రేడియేటర్ పోయింది, అని ఏదో దబాయించా. ఆయన తాపీగా మళ్లీ అదే అడిగాడు. అప్పుడు మీ నాయనమ్మ, నావైపు తిరక్కుండానే, "మేస్త్రిగారూ, బండి ఆగినప్పుడే లేస్తోంది. రైలుగేటు దగ్గర లేచింది, సంత దగ్గర లేచింది. పరుగెడితే దిగుతోంది" అంది. నా మొహం చూడ్డం ఇష్టంలేక దారి పొడవునా ఆ ముల్లునే చూస్తూ కూర్చుందట!

"అయితే ఇంజను ఫ్యానే తల్లీ" అన్నాడాయన. బండి పోతుంటే గాలి దానంతటదే తగులుతుంది, ఆగితేనే కదా ఫ్యానుతో పని. చల్లారాక చూస్తే తీగ ఊడి వేలాడుతోంది. బిగించాడు, గిర్రున తిరిగింది. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది, మొహం పక్కకి తిప్పుకుని. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, బండి ఎటు తిప్పి పెట్టమంటారని అడిగాడు. నేను మీ నాయనమ్మ వైపు చూశా. అటు అంటుందా, ఇటు అంటుందా... ఆవిడే, "ఎండెక్కింది, ఇంటికే పోదాం" అంది. ఆ పెట్టె లోపలుంది చూడు, దాన్నిండా నీ చిన్నప్పటి చొక్కాలే.

ఏంటీ? నువ్వూ ముల్లు చూళ్లేదా? మరి నన్ను చూస్తావేంరా, కారు దగ్గరికెళ్లి ఆ పిల్లనడుగు, ముల్లు ఎప్పుడు లేస్తోందో. మూత సంగతి నేను చూస్తాలే.