సాంబలింగాన్ని కరిచిన పిల్లి

సాంబలింగం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు, పిల్లి కరిచింది. కథ మొదలు ఇదే. అంతకు ముందేమైందని అడగమాకండి, ముందంతా రోజూ జరిగేదే. మా దేవాంగుల వీధిలో అందరివీ గుంట మగ్గాలే గదా. మనిషి నేలమీద కూచుంటాడు, కాళ్ళు గుంటలో ఉంటాయి, కాళ్ళతో చెక్కలు తొక్కుతా చేతుల్తో నేస్తా ఉంటాడు. ఎండాకాలం ఆ గుంట చల్లగా ఉంటదా, వీధిలో పిల్లులన్నీ దాంట్లోకే దిగుతాయి. మావాళ్ళు తరమరు. ఎందుకు తరుముతారు, గంజి పెట్టిన నూలంటే ఎలకలకి ప్రాణం, ఒక్క ఎలక దూరిందా మగ్గానికి నిలువునా కట్టిన పడుగంతా కొరికి పారేసుద్ది. పిల్లి తిరిగే ఇంట్లోకి ఎలక రాదు. అందుకని ఎవరి పిల్లీ కాకపోయినా అందరిళ్ళలోనూ తిరుగుతా ఉంటాయనుకో. అట్టాంటి వీధిపిల్లి ఒకటి, చారలది, ఆ పొద్దున సాంబలింగం గుంటలో పడుకోనుంది. రోజూ కర్రతో ఒకసారి తట్టి కూచునేవాడే, ఆ రోజు ఏం తొందరొచ్చిందో తట్టలా. నేరుగా దాని తోకమీద కాలేశాడంట. అది గయ్యిమని తిరిగి మడమపైన పట్టింది. రెండు పళ్ళు దిగినయ్. ఈయన కాలు విదిలిస్తే అది దూకి గంజి గోలెం వెనక్కి పోయి నక్కింది.

ఆయన భార్య చౌడమ్మ అక్కడే రాట్నం దగ్గర నూలు కండెలు చుడతా ఉంది. లేచొచ్చి చూసింది. రక్తం పెద్దగా లేదు, రెండు చుక్కలు. ఏం కాదులే అని పసుపద్దింది. ఇంతలో ఎదురింటి వీరభద్రం వచ్చాడు. వీరభద్రం సంగతి మీకు చెప్పాలి, వీధిలో ఎవరికి ఏమైనా వాళ్ళకంటే ముందు ఈయనే పరిగెత్తుతాడు, మంచోడే, కాకపోతే అడక్కుండా చేస్తాడు. బావని పిల్లి కరిచిందా, అయితే ఇది ఇక్కడ ఉండకూడదు చెల్లాయ్ అన్నాడు. చంపుదామంటే పాపం గదా, పిల్లిని చంపినోడు బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలంటారు, మా వీధిలో తాళిబొట్టుకే దిక్కులేదు ఇంక పిల్లికి యాడ తెస్తాం. అందుకని మా వాళ్ళ పద్ధతి ఏందంటే, గోనెసంచిలో వేసి కాలవ దాటించి రావటం. నీళ్ళు దాటిన పిల్లి తిరిగి రాదంట. వీరభద్రం దాన్ని సంచిలో కుక్కి, సైకిలెక్కి, కాలవ అవతల ఇటికబట్టీల దగ్గర వదిలిపెట్టి గంటలో తిరిగొచ్చాడు. వచ్చి మంచినీళ్ళు తాగి, పని అయిపోయింది చెల్లాయ్ అన్నాడు.

పనెక్కడ అయిపోయింది. వీధి చివర ముసలామె ఒకామె పరామర్శకని వచ్చి కూచుని, వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఒకతన్ని పిచ్చికుక్క కరిచిన సంగతి మొదలుపెట్టింది. నెల తర్వాత నీళ్ళ చెంబు చూస్తే వణికిపోయాడంట, గుక్క దిగలేదంట, గొంతు పట్టేసి పోయాడంట. కుక్క కరిస్తే మొరుగుతారు గదా, మరి పిల్లి కరిస్తే ఏం చేస్తారో నేను చూళ్ళేదమ్మా అని, ఆ ముక్క కూడా అని మరీ లేచి పోయింది. పరామర్శ అంటే అట్టా ఉండాలి. సాంబలింగం మొహంలో చుక్క నెత్తురు లేదు. చౌడమ్మ ఇంక ఆగలా, ఆయన్ని వీరభద్రం సైకిలెక్కించి, తను వెనక నడిచి, ఆస్పత్రికి తీసకపోయింది.

అక్కడ నర్సమ్మ సబ్బుతో కడిగారా అని అడిగింది. పసుపద్దామమ్మా అంది చౌడమ్మ. కూరలో వేసుకోండి పసుపు, అని చెప్పి, ఆయన్ని కుళాయి కింద కూచోబెట్టి సబ్బు పెట్టి పావుగంట కడిగించింది. కాటు చుట్టూ ఒక మందు పొడిచింది, చేతికి ఒక సూదేసింది. ఇవాళ ఒకటి, మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, ఒక్కటి కూడా మానకూడదు అని కాగితం మీద రాసిచ్చింది. ఇచ్చి, ఇంతకీ ఆ పిల్లి యాడుందీ అనడిగింది. దాన్ని పది రోజులు కనిపెట్టుకోనుండండి, పిచ్చి పట్టిన పిల్లయితే ఆ పది రోజుల్లో అదే చచ్చిపోద్ది, బాగుందంటే మీకు భయం లేనట్టే. ఆ మాటకి చౌడమ్మ వీరభద్రం వంక చూసింది. వీరభద్రం సైకిల్ బెల్లు సరిచేసుకుంటున్నాడంట.

ఇంక అక్కణ్ణించీ సాంబలింగానికి పిల్లి పట్టుకుంది. పిల్లంటే పిల్లి కాదు, పిల్లి ధ్యాస. ఇంటికొచ్చి నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకున్నాడు, చూశాడు, కింద పెట్టాడు. గొంతులో ఏదో అడ్డమున్నట్టుందే చౌడమ్మా అన్నాడు. ఇంకా పూటన్నా గడవలేదు గదయ్యా, అంత తొందరగా రాదంట, నర్సమ్మ చెప్పింది గదా అంటే, అవును చెప్పింది అన్నాడు. చెంబు మాత్రం ముట్టలా. మజ్జిగైతే కళ్ళు మూసుకుని రెండు గుక్కలు మింగాడు. మర్నాడు మగ్గం ఎక్కలా. అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు లేని ఇల్లంటే ఎట్టుంటదో మీకు తెలవదు, మా వీధిలో చావొస్తేనే మగ్గం ఆగుద్ది. దగ్గొస్తే తనే ఉలిక్కిపడి, అది దగ్గేనా ఇంకేమన్నానా అని వినుకునేవాడంట. చౌడమ్మ ఎదురుగా కూచుని ఇదంతా చూస్తా ఉంది. సూది మీద ఆమెకు నమ్మకముంది. నమ్మకం లేనిదల్లా మొగుడి మీద, ఈ ఎండల్లో గుక్క నీళ్ళు తాగని మనిషి ఇరవై ఎనిమిది రోజులు ఎట్టా బతుకుతాడు, పిల్లి చంపకపోయినా భయం చంపుద్ది గదా అని. ఆమెకు కూడా ముద్ద దిగలా. భయమేసింది, చెప్పుకోడానికేముంది, చాలా భయమేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే చౌడమ్మ ఏం చేసిందంటే, నూలు తెచ్చుకునే గంప ఒకటి చంకన పెట్టుకుని కాలవ దాటింది. ఇటికబట్టీలన్నీ తిరిగింది. బట్టీ సందుల్లో వంగి వంగి చూసింది, పిస్ పిస్ అని పిలిచింది. మా వీధి పిల్లి యాడా లేదు. మధ్యాన్నం దాకా తిరిగి, ఇటికలు మోసే ఒకామె దగ్గర కూలబడి సంగతంతా చెప్పుకుందంట. ఆమె నవ్వి, పిల్లికేం కరువక్కా, మా పాకలో చారల పిల్లి ఒకటుంది, మచ్చికైనదే, తీసకపో అంది. చౌడమ్మ చూసింది. అదే రంగు, అదే ఒళ్ళు, అట్టాంటి చారలే. అది కాదని ఆమెకు తెలుసు. తెలిసే గంపలో పెట్టుకుంది. దారి పొడుగునా ఒకటే అనుకుందంట, పిల్లి దొరికిందంటే ఆయన నీళ్ళు తాగుతాడు, సూదులెట్టాగూ వేయిస్తా, ఇంక తప్పేముంది.

ఇంటికొచ్చి గంప దించి, ఇదిగో దొరికింది అంది. సాంబలింగం లేచొచ్చాడు. గంప ముందు గొంతుక్కూచుని, నేసిన బట్ట చూసుకున్నట్టు, తల కాణ్ణించి తోక దాకా చూశాడు. ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. అదేలే, అన్నాడు. అని, లేచి, బిందె దగ్గరికి పోయి, చెంబు ముంచుకుని నిలబడి తాగాడు. చెంబు మొత్తం. ఆమె దొడ్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కునొచ్చి, అన్నం పెట్టుకుని తినింది.

ఇంక ఆ పిల్లికి జరిగిన మర్యాద మా వీధిలో అల్లుడికి కూడా జరగలా. పెరుగన్నం పెడితే మూతి తిప్పేసింది. మా ఇళ్ళలో నీసు ముట్టరు, జంధ్యాలేసుకునే వాళ్ళం, చేపల బజారెక్కడుందో కూడా ఆడాళ్ళకి తెలవదు. అట్టాంటిది చౌడమ్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పోయి, ఆకులో చుట్టించుకుని చేపముక్కలు తెచ్చేది. పెరట్లో పెట్టి, పిల్లి తిన్నదాకా నిలబడి చూసేది. వీధిలో వాళ్ళంతా రోజూ వచ్చి పిల్లిని చూసి పొయ్యేవాళ్ళు. తింటందా, తింటంది. నిద్రపోతందా, పోతంది. వీరభద్రమైతే రెండు పూట్లా వచ్చి, నేను భద్రంగా వదిలిపెట్టబట్టి గదా చెల్లాయ్ నీకు దొరికింది అనేవాడు. సాంబలింగం మగ్గమెక్కాడు. మూడో రోజు సూది వేయించుకున్నాడు. నీళ్ళు తాగుతున్నాడు, చౌడమ్మ చూస్తున్నప్పుడల్లా ఒక చెంబు ఎక్కువే తాగుతున్నాడు.

ఏమైందంటే, ఏడో రోజు సూదికి పోయినప్పుడు నర్సమ్మ పిల్లి సంగతి అడిగింది. బాగుందమ్మా, చేపలు తింటంది అన్నాడు సాంబలింగం. అట్టాగైతే మంచిదే, పది రోజులూ దాటి అప్పటికీ బాగుంటే మిగతా సూదులు అక్కర్లేదు, డాక్టరు గారిని అడిగి ఆపేద్దాం, అందామె. అది చౌడమ్మ అనుకోలా. సూదులు ఎట్టాగూ పడతాయి గదా అనే ధైర్యంతోనే గదా ఆ అబద్ధమాడింది. ఇప్పుడు ఆ అబద్ధమే సూదుల్ని ఆపుతా ఉంది. కరిచిన పిల్లి యాడుందో, బతికుందో చచ్చిందో, పిచ్చిదో మంచిదో ఎవరికి తెలుసు. చేపలు తినేది ఎవరినీ కరవని పిల్లి.

చెబుదామంటే, మళ్ళీ నీళ్ళు మానేస్తాడు. చెప్పకపోతే సూది మానేస్తాడు. ఎటూ పాలుపోక నెపం పిల్లిమీద పెట్టింది. ఇవాళ ఎందుకో నీరసంగా ఉందయ్యా, కళ్ళు అదోరకంగా ఉన్నాయి, సూదులు మానొద్దులే అనేది. ఆమె అట్టా అంటా ఉంటే ఆ పిల్లి పడుగు మీదకెగిరి, కండెని కాళ్ళతో దొర్లిస్తా ఇల్లంతా ఆడుకునేది. వారంలో గుమ్మడికాయలాగా అయింది. చూసినవాళ్ళు నవ్విపోయారు. పదో రోజు దాటింది. వీధి వీధంతా తేల్చేసింది, పిల్లి దుక్కలాగా ఉంది, సాంబలింగానికి గండం గడిచింది, ఇంక సూదులెందుకు, పని చెడగొట్టుకుని ఆస్పత్రికెందుకు పోవటం అని. సాంబలింగం నవ్వి తన నేత తను నేసుకున్నాడు. ఆ నవ్వు చూసి చౌడమ్మకి ఇంకా హడలు పుట్టింది, మానేసే ఉద్దేశంలోనే ఉన్నాడు కాబోలు అని.

పద్నాలుగో రోజు తెల్లారింది. ఏమైతే అదైందని చౌడమ్మ గట్టిగా అనుకుని, కొట్టినా తిట్టినా సరే ఇవాళ చెప్పేస్తా అని ఇంట్లోకి వచ్చేసరికి, సాంబలింగం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, నర్సమ్మ కాగితం జేబులో పెట్టుకుంటున్నాడు. యాడికయ్యా అంది. సూదికి గదా ఇవాళ, అన్నాడు. పిల్లి బాగుందిగా, వద్దంటున్నారుగా అందరూ, అంది, నోరుజారినట్టు. ఆయన చెప్పులేసుకున్నాడు. అప్పుడు ఆమె అక్కడే గుమ్మంలో కూలబడి చెప్పేసింది. అది ఆ పిల్లి కాదయ్యా, నేను బట్టీల కాణ్ణించి ఎవరిదో తెచ్చా, నువ్వు నీళ్ళు తాగటం లేదని తెచ్చా, నన్నేమన్నా అను, సూది మాత్రం మానమాక.

తెలుసులే, అన్నాడంట సాంబలింగం. ఆమె తల పైకెత్తింది. ఏం తెలుసు అంది. అది కాదని తెలుసు. మూణ్ణెల్ల నుంచి నా కాళ్ళ దగ్గర పడుకునే పిల్లి, దాని తోకకి తొమ్మిది చారలు, దీనికి ఏడే. పడుగులో ఒక్క పోగు రంగు తేడా ఉంటే పట్టుకునేవాణ్ణి, ఇంత పిల్లిని పట్టుకోలేనా, గంప దించినప్పుడే చూశా. మరి అదేనన్నావెందుకయ్యా. రెండు రోజులుగా నువ్వు అన్నం తినలేదు గదా, అన్నాడు. మరి నీళ్ళెట్టా తాగావు అంది. నువ్వు చూస్తున్నావుగా, తాగా. భయమెయ్యలేదా అంది. వేసింది, ఇప్పుడూ వేస్తంది, పద, ఆలస్యమైతే ఆ నర్సమ్మ తిడుద్ది, అన్నాడు.

ఇద్దరూ నడిచే పోయారు. నర్సమ్మకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె చౌడమ్మని నాలుగు చివాట్లు పెట్టింది, సాంబలింగాన్ని ఎనిమిది పెట్టింది, పెట్టి సూదేసింది. ఇరవై ఎనిమిదో రోజుది కూడా పడింది. ఇది జరిగి ఆరేళ్ళవుతుంది, మనిషి నిక్షేపంగా ఉన్నాడు, పొద్దున కూడా నేస్తా ఉంటే చూసొచ్చా.

ఇవన్నీ నీకెట్టా తెలిసినయ్ అంటారు. చౌడమ్మే చెప్పింది, వీధి పొడుగునా చాపిన పడుగు సరిచేస్తా ఆ కొసన ఆమె ఈ కొసన నేను నిలబడ్డప్పుడు. ఆమె నాతో చెప్పినట్టు సాంబలింగానికి తెలవదు. వీరభద్రానికైతే అసలు సంగతే తెలవదు, ఇప్పటికీ ఎవరింటికి చుట్టాలొచ్చినా కూచోబెట్టి, నేను వదిలిన పిల్లే మా బావని బతికించింది అని చెబుతా ఉంటాడు. చెప్పుకోనీయండి, మంచోడే. నువ్వు రాసుకుంటున్నావు గదా అబ్బాయ్, రాసుకో, కానీ వీరభద్రం ఇంటి ముందు మాత్రం చదవమాక.